నిమ్మకాయలు సరే, రోల్‌బారు ఏదీ?

సంక్రాంతి పండగ కమిటీ మీటింగులో నేను "నా ట్రాక్టరు ఇవ్వను" అన్న సంగతి మీలో చాలామంది చెవిన ఈపాటికి పడే ఉంటుంది. ఇర్వింగులో మనవాళ్ళ కబురు 114 మీద కారుకన్నా ముందే చేరుతుంది. డాక్టరమ్మకి గర్వం అని కొందరు, కొత్తగా వేసిన రంగుకి గీత పడుతుందని భయం అని కొందరు అన్నారట. రంగు ఇంకా సగమే వేశాను కనక రెండో మాట అబద్ధం. మొదటి మాట సంగతి నాకు తెలియదు. ఎవరి గర్వం వారికి కనబడదు గదా.

మీటింగుకు రానివారి కోసం ముందు కమిటీవారి ఊహ ఏమిటో చెప్తాను. స్కూలు పార్కింగు లాటులో నా పాత ఫోర్డు 8ఎన్‌ని నిలబెట్టాలి. బానెట్‌కి మామిడాకుల తోరణం, రెండువైపులా చెరుకుగడలు. వెనక ట్రైలరు కట్టి, గడ్డిమోపులు పరిచి, పాతికమంది పిల్లల్ని ఎక్కించి నాలుగు చుట్లు తిప్పాలి. ఒక మడ్‌గార్డు మీద ప్రెసిడెంటుగారు పంచెకట్టుతో, రెండో మడ్‌గార్డు మీద హరిదాసు వేషం. నడిపేది నేను, పట్టుచీరలో. ఫోటో చాలా బాగుంటుంది, కాదనను. నేను అడిగింది ఒక్కటే: రోల్‌బారు బిగించేదాకా ట్రాక్టరు షెడ్డు దాటదు, బిగించాక కూడా మడ్‌గార్డు మీద ఎవ్వరూ కూచోరు. "బారు" అనగానే వెనక కుర్చీల్లో ఇద్దరు నవ్వారు. వారికోసం చెప్తున్నాను. ఇది సీటు వెనక నిలువుగా బిగించే ఇనుప కమాను. ట్రాక్టరు తిరగబడితే మనిషి మీద పడకుండా ఆపేది. అంతకుమించి అందులో పుచ్చుకునేది ఏమీ ఉండదు.

ఈ ట్రాక్టరు నా దగ్గరికి ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. మీలో అనేకులకు జరిగినట్టే నాకూ జరిగింది. మావారూ నేనూ ఎల్లిస్ కౌంటీలో పది ఎకరాలు కొన్నాం. కొన్నది పంట మీద ప్రేమతోనే అని చెప్పుకుంటాం గాని, పన్ను తగ్గించే అగ్ ఎగ్జెంప్షను మీద ప్రేమ కూడా అందులో కొంత ఉంది. నేల మాత్రం అచ్చంగా మన నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు, వానకి బూటు ఊడి వచ్చేంత జిగురు. ఆ నేలలో మొలిచేది జాన్సన్ గడ్డి, మన జొన్నకి జ్ఞాతి. దాన్ని కొట్టించడానికి ప్రతిసారీ మనిషిని పిలవలేక, పక్క పొలం ముసలి రైతు పాకలో తొమ్మిదేళ్ళుగా కోళ్ళకి గూడుగా ఉన్న 1949 నాటి 8ఎన్‌ని 1,800 డాలర్లకి కొన్నాను.

కొన్న వారంలోనే రంగు కొన్నాను. రేకులకి బూడిదరంగు, కింది ఇంజను భాగానికి ఎరుపు. బ్రేకులు ఎలా ఉన్నాయో చూడకుండా ముందు రంగు కొన్నాను. ఈ వ్యాసంలో మిమ్మల్ని తిట్టబోయే తప్పులన్నీ నేను చేసినవే కనక, మొదటిది ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

బాగుచెయ్యడంలో ఉన్న ఆనందం గురించి రాయాలంటే ఈ సంచిక చాలదు. నాలుగు సిలిండర్ల ఇంజను, పాతిక గుర్రాల బలం, 2,400 పౌండ్ల బరువు. దాంట్లో ఒక్క కంప్యూటరు ముక్క లేదు. కార్బొరేటరు విప్పితే పాత పెట్రోలు జిగురై గడ్డకట్టి ఉంది. వైర్లు ఎలుకలు తిన్నాయి. హైడ్రాలిక్ ఆయిలు నీళ్ళు కలిసి మజ్జిగలా ఉంది. ఆరు వోల్టుల బ్యాటరీకి పాజిటివ్ వైపు ఎర్త్ అవుతుంది. ఈ సంగతి తెలియక మొదటిరోజు తిరగేసి కలిపాను. ఇవాళ్టి కొత్త ట్రాక్టరుకి చిన్న సెన్సరు పోతే డీలరు లాప్‌టాప్ తెచ్చేదాకా రైతు పొలంలో నిలబడాలి. మా యంత్రాన్ని మేమే బాగుచేసుకుంటాం అని రైతులు పోరాడితే కొలరాడోలో 2023లో దానికి చట్టం వచ్చింది. మన ఇళ్ళల్లో సగం మంది రాసేది ఆ తాళాల్లాంటి సాఫ్ట్‌వేరే అన్నది వేరే వ్యాసానికి సంగతి. ఇక్కడ నేను చెప్పేదల్లా ఒకటి: విప్పే హక్కు పూర్తిగా మనదే అయినప్పుడు, బిగించే బాధ్యత కూడా ఎవరిమీదా వెయ్యలేం. 1949 నాటి బండికి ఏ కంపెనీ ఉత్తరం రాసి "వచ్చి బారు పెట్టించుకోండి" అనదు. ప్రభుత్వమూ అనదు. 1976లో అమల్లోకి వచ్చిన ఆర్డరు ఆ ఏడు అక్టోబరు 25 తరవాత తయారైన ట్రాక్టర్లకీ, వాటిని నడిపే జీతగాళ్ళకీ మాత్రమే వర్తిస్తుంది. సొంత పొలంలో సొంత పాత ట్రాక్టరు ఎక్కే మనిషి చచ్చినా చట్టానికి పట్టదు.

ఇక కంచె సంగతి. కమిటీలో చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

ఇంజను పలికిన రెండో నెల. వెనక ష్రెడ్డరు తగిలించి గడ్డి కొడుతున్నాను. ఆరేళ్ళ మా వాణ్ణి ఎడమ మడ్‌గార్డు మీద కూచోబెట్టుకున్నాను. చిన్నప్పుడు మా పెదనాన్నగారు నన్ను కూచోబెట్టుకున్నట్టే. కంచె దగ్గరికి వచ్చి క్లచ్ తొక్కాను. ట్రాక్టరు ఆగలేదు. ఈ మోడల్లో పి.టి.ఓ., అంటే వెనక యంత్రాన్ని తిప్పే షాఫ్టు, గేరుబాక్సుతో కలిసే తిరుగుతుంది. క్లచ్ తొక్కితే ఇంజను విడిపోతుంది గాని, అప్పటికే గిర్రున తిరుగుతున్న ష్రెడ్డరు బ్లేళ్ళ ఊపు షాఫ్టు ద్వారా వెనక్కి వచ్చి చక్రాల్ని తోస్తూనే ఉంటుంది. అలా తొయ్యకుండా ఓవర్‌రన్నింగ్ కప్లర్ అని పిడికిలంత ముక్క ఒకటి షాఫ్టుకి తగిలించాలి. నూరు డాలర్లు కూడా కాదు. తెలిసిన ప్రతివాడూ మొదట కొనేది అదే. నేను కొన్నది రంగు. బ్రేకు తొక్కితే, యాక్సిలు సీలు కారి నూనె తాగిన బ్రేకు షూలు జారిపోయాయి. కంచె తీగ తెంపుకుని, రెండు కొయ్యల్ని పడగొట్టి ఆగింది. నా ఎడం చేతిలో వాడి చొక్కా కాలరు మాత్రం ఉంది. వాడు నవ్వుతున్నాడు, ఇంకోసారి అమ్మా అంటున్నాడు. మడ్‌గార్డు మీంచి జారితే పడేది వెనక చక్రం ముందు, ఆ వెనకే బ్లేళ్ళు. తప్పు ట్రాక్టరుది కాదు, నాది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారికి నేను చెప్పింది నాలుగు రోజుల తరవాత.

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. తెనాలి దగ్గర మా ఊళ్ళో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సార్వా నాట్లకి దమ్ము చేస్తూ ఒక కుర్రాడు పోయాడు. మా ట్రాక్టరు కాదు, ఇంకో కామందుది. ఇనుప చక్రాలు బురదలో ఇరుసుదాకా దిగిపోయాయి. గట్టు మీద ఉన్నవాళ్ళు చక్రాలకి అడ్డంగా కొయ్యదుంగ కట్టి, గట్టిగా ఎత్తు అన్నారు. వాడు ఆక్సిలేటరు ఎత్తి క్లచ్ వదిలాడు. చక్రం తిరగలేకపోతే బండే తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, నిలువునా వెనక్కి పడింది. ముందు చక్రం లేవడం మొదలైన దగ్గర్నించి, ఇంకేం చేసినా ఆగని స్థితికి రావడానికి ఒక్క సెకను కూడా పట్టదు. దూకడానికి టైముండదు. మనిషి "అయ్యో" అనుకునేలోపే అయిపోతుంది. ఊళ్ళో వాళ్ళు "వాడి గీత అంతే" అన్నారు. పదో రోజున ట్రాక్టరుని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి అదే పొలంలోకి దింపారు. ఇంకో కుర్రాడు ఎక్కాడు.

నిమ్మకాయల మీద నాకు కోపం లేదు. నా 8ఎన్‌కి కూడా మొదటిరోజు తొక్కించాను, మా అమ్మ వీడియో కాల్లో చూస్తుండగా. కానీ మనవాళ్ళు ట్రాక్టరుని సింగారించే తీరు చూడండి. బానెట్ మీద జెండా, హెడ్‌లైట్లకి రేకు కనుబొమలు, వెనక జడకుచ్చులు, దిష్టిబొమ్మ, సీటు పక్కన పాటల పెట్టె. ఒక బండికి తగిలించగల వస్తువులన్నీ తగిలిస్తారు, ప్రాణం నిలిపే ఆ ఒక్క ఇనుప ముక్క తప్ప. ఆ దేశంలో తయారైన ట్రాక్టర్లే ఓడెక్కి ఇక్కడికి వచ్చేటప్పుడు బారుతో, బెల్టుతో వస్తాయి. టెక్సాస్ రైతు మెడకి ఉన్న విలువ తెనాలి రైతు మెడకి లేదా అని అడిగితే, ఖర్చు అంటారు.

వైద్యం చదివినదాన్ని కనక ఒక్క ముక్క వైద్యం చెప్పనివ్వండి. ట్రాక్టరు కింద పడిన మనిషి ఎముకలు విరిగి చస్తాడని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది కాదు. ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు పైకి లేవాలి. స్టీరింగు చక్రమో, మడ్‌గార్డో ఛాతీ మీద కూచుంటే అవి లేవవు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషికి స్పృహ ఉంటుంది, గాలి మాత్రం అందదు. దానికి నాలుగైదు నిమిషాలు చాలు. పొలంలోకి అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో మీరే లెక్కవేసుకోండి. కాలు మాత్రమే నలిగి గంటలకొద్దీ ఇరుక్కున్నవాడు ఇంకో రకం. పైన బరువు ఎత్తగానే, నలిగిన కండలోని పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి, అప్పటిదాకా మాట్లాడినవాడి గుండె ఆగిపోవచ్చు. గుంటూరులో హౌస్ సర్జన్సీ చేసిన ఏడాది నేను చూసిన ట్రాక్టరు కేసులు చేతి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇంత తక్కువా అని అప్పట్లో అనుకునేదాన్ని. తరవాత అర్థమైంది, ఎక్కువమంది ఆస్పత్రిదాకా రారు.

"మా నాన్నగారు నలభై ఏళ్ళు బారు లేకుండానే నడిపారు, ఏమీ కాలేదు" అని మీటింగులో ఒకరు అన్నారు. సంతోషం. ఏమీ కానివాళ్ళే ఆ మాట చెప్పగలరు. ఏదో అయినవాళ్ళు మీటింగుకి రాలేరు. స్వీడన్‌లో 1959లో కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఈ బారు తప్పనిసరి చేశారు. అంతకుముందు ఏటా లక్ష ట్రాక్టర్లకి 17 మంది తిరగబడి చనిపోయేవారు. 1990 నాటికి ఆ సంఖ్య 0.3కి దిగింది. స్వీడన్ రైతుల గీతలన్నీ ఒక్కసారిగా మారిపోయాయా? ఈ దేశంలో కంపెనీలు 1985 నించి కొత్త ట్రాక్టర్లకి బారు వాటంతటవే పెట్టడం మొదలుపెట్టాయి. అంతకుముందు తయారైనవి ఇంకా పాకల్లో, పొలాల్లో ఉన్నాయి. మనబోటివాళ్ళు ముచ్చటపడి కొనేవి సరిగ్గా అవే.

ఇంకో అభ్యంతరం పాతబళ్ళ ప్రేమికులది. మనలోనూ ఇద్దరు ముగ్గురు తయారయ్యారు. బారు పెడితే "ఒరిజినల్" చెడుతుందట. దానికి ఒక చరిత్ర చెప్తాను. ఈ 8ఎన్ వెనకున్న మూడు చేతుల బిగింపుకి మూలపురుషుడు హారీ ఫెర్గూసన్ అనే బెల్‌ఫాస్టు మనిషి. ఆ రోజుల్లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరు నాగలి రాయికి తగిలితే ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడేదని పేరు. నాగలిని వెనక గొలుసుతో ఈడ్చకుండా, బండిలో భాగంగా బిగించి, బరువు ముందు చక్రాల మీదికి వచ్చేలా చేశాడీయన. 1938లో హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి, కాగితం లేకుండా ఒప్పందం చేసుకున్నాడు. మరుసటేడు 9ఎన్ వచ్చింది. తరవాత ఫోర్డు మనవడి హయాంలో చెడింది. ఫెర్గూసన్ దావా వేసి 1952లో 92.5 లక్షల డాలర్లకి రాజీపడ్డాడు. మన ఊళ్ళల్లో తిరిగిన మాసీ ఫెర్గూసన్ పేరులోని ఫెర్గూసన్ ఈయనే. మా పెదనాన్నగారి బండికీ నా బండికీ ఆ విధంగా చుట్టరికం. కాబట్టి ఈ ట్రాక్టరులో ఒరిజినల్ అన్నది ఏదైనా ఉంటే, తిరగబడకూడదన్న ఆలోచనే. కాకపోతే ఆ బిగింపు అన్నిటికీ మందు కాదు. చక్రం బురదలో దిగినా, గొలుసుని ఇరుసుకో పైపిన్నుకో కట్టి మొద్దు లాగినా అది కాపాడదు. వాలు మీద పక్కకి ఒరిగితే అసలే కాపాడదు.

ఒరిజినల్ అనేవాళ్ళే ఇంకో పని చేస్తారు. 8ఎన్‌లో స్టార్టరు బొత్తాం గేరు కర్ర దగ్గర ఉంటుంది, గేరు న్యూట్రల్లో ఉంటేనే నొక్కుడు పడుతుంది. పన్నెండు వోల్టులకి మార్చేటప్పుడు చాలామంది "సౌకర్యం" కోసం డాష్‌బోర్డు మీద కొత్త బొత్తాం పెట్టుకుంటారు. గేరులో ఉన్నా ఇంజను లేస్తుంది, పక్కన నిలబడి నొక్కినవాడి మీదుగా పోతుంది. డెబ్బై అయిదేళ్ళ నాటి ఇంజినీరు పెట్టిన కాపలాని పీకేసి, నట్లు మాత్రం ఆ కాలంనాటివే కావాలని ఊళ్ళు తిరుగుతారు.

బారు పెట్టడంలో ఇబ్బందులు లేవని నేను అనను. వెయ్యి డాలర్ల పైచిలుకు అవుతుంది, బండి ధరలో సగం దాటుతుంది. చెట్టుకొమ్మలకి తగులుతుంది, షెడ్డు గుమ్మంలో పట్టదు. మడిచే రకం తీసుకుంటే మడిచినప్పుడు అది లేనట్టే. "నాకు వెల్డింగు వచ్చు, రెండు పైపులు వంచి పెట్టేస్తా" అని మన మెకానికల్ ఇంజినీరు మిత్రులొకరు దయతో ముందుకొచ్చారు. వద్దన్నాను. ఆ కమాను బరువుకి కొంత వంగాలి, విరగకూడదు. ఎంత వంగాలన్నది పరీక్ష పెట్టి తేల్చినవాళ్ళు చేసిందే కావాలి. యాక్సిలు హౌసింగుకి వెల్డింగు చేస్తే ఉన్న బలమూ పోతుంది. ఈ 8ఎన్‌కోసమే ప్రభుత్వ సంస్థ నియోష్ ఇంజినీర్లు తక్కువ ఖర్చు నమూనా ఒకటి చేశారు. న్యూయార్కులో 2006 నించి రైతుకి ఖర్చులో అధికభాగం తిరిగిచ్చే పథకం నడిపారు. అంటే ఇది డాక్టరమ్మ చాదస్తం కాదు. ఇంకో మాట, బారు లేని ట్రాక్టరుకి బెల్టు పెట్టకండి. ఆ రెండూ జంట. బారు లేకుండా బెల్టు పెట్టుకుంటే, మనిషిని బండి కింద కట్టేసినట్టే.

పట్టుచీర సంగతి చెప్పి ముగిస్తాను. "పార్కింగు లాటులో అయిదు మైళ్ళ వేగం, ఏమౌతుంది?" అన్నారు. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. మూడంగుళాల షాఫ్టు అయితే సెకనులో ఏడడుగుల గుడ్డ చుట్టుకుంటుంది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని మెదడు అనుకునేలోపు పమిట చెంగు, దాని వెనక భుజం వెళ్ళిపోతాయి. లంగా ఓణీల్లో ఆడపిల్లలు, ఉత్తరీయాల్లో పెద్దలు చుట్టూ మూగే రోజున, డాలు లేని షాఫ్టు, ఏ లివరు ఏమిటో తెలియని పిల్లలు. ట్రైలరు మాట కూడా ఊరికే అనలేదు. 2018 ఏప్రిల్లో నల్గొండ జిల్లాలో కూలికి వెళ్తున్న ఆడవాళ్ళ ట్రాక్టరు కాలవలో పడి తొమ్మిదిమంది పోయారు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మూసీ కాలవలో ఇంకో ట్రాక్టరు పడి పదిహేనుమంది పోయారు. వాళ్ళకి వేరే బండి లేక ఎక్కారు. ఇంటిదగ్గర రెండేసి కార్లు, పిల్లలకి అయిదేసి బెల్టుల సీట్లు ఉన్న మనం, ఫోటో కోసం ఎక్కిద్దాం అంటున్నాం.

లాస్ కొలినాస్‌లో కంచు గుర్రాలు తొమ్మిది ఉన్నాయి, 1984లో పెట్టినవి. అమ్మానాన్నలు వస్తే అందరం తీసుకెళ్ళి చూపిస్తాం. వాటి పక్కన ఎవరైనా నిలబడి ఫోటో తీసుకోవచ్చు, అవి తన్నవు. నా 8ఎన్ ప్రాణమున్న గుర్రం.

కమిటీవారికి నా మాట ఇది. బారు, బెల్టు, షాఫ్టు డాలు ఆర్డరిచ్చాను. బ్రేకు షూలు, సీళ్ళు మార్చాను. కప్లరు ఎప్పుడో పెట్టాను. బారు భోగిలోపు వస్తే ట్రాక్టరుని లారీ మీద తెస్తాను. ఇంజను ఆపి, తాళంచెవి నా జేబులో పెట్టుకుని, చక్రాలకి దుంగలు అడ్డంపెట్టి నిలబెడతాను. పిల్లలు ఒక్కొక్కరే సీటు ఎక్కి, బెల్టు పెట్టుకుని స్టీరింగు తిప్పుకోవచ్చు. ష్రెడ్డరు రాదు, ట్రైలరు రాదు. ప్రెసిడెంటుగారు పంచెకట్టుతో నేలమీద నిలబడితే చాలు. బారు రాకపోతే నేనే గారెలు వండి తెస్తాను, ట్రాక్టరు ఎల్లిస్ కౌంటీలోనే ఉంటుంది. మీలో ఎవరి పొలంలోనైనా 1985కి ముందు బండి ఉంటే ఆదివారం ఉదయం ఫోన్ చెయ్యండి. స్పానర్లు నావే తెస్తాను. రంగు గురించి మాత్రం అడక్కండి, ఎడమవైపు ఇంకా వెయ్యలేదు.